సముద్రపు అడుగున నీటి జెట్‌తో కందకం తవ్వడం: మట్టి పరీక్ష నుంచి చివరి కొలత దాకా

కేబులో పైపో సముద్రపు అడుగున పరిచేశాక దాన్ని నేలలోకి దించాలంటే, మెత్తని నేలల్లో అన్నిటికన్నా అనువైనది నీటి జెట్. పంపు చుట్టూ ఉన్న సముద్రపు నీటినే పీల్చి రెండు పొడవాటి జెట్ లెగ్‌లకు పంపుతుంది. ఆ లెగ్‌లు కేబుల్‌కు చెరో పక్కన నేలలోకి దిగుతాయి. ముందు అంచున వరసగా ఉన్న నాజిళ్లు ఇసుకనైతే జావలా కదిలిస్తాయి, బంకమట్టినైతే కోస్తాయి. కేబుల్ తన బరువుతో తానే ఆ జావలోకి దిగుతుంది. ఇనుప పళ్లేవీ కేబుల్‌ను తాకవు కాబట్టి పరిచిన తర్వాత పూడ్చే పనికి దీన్నే ముందుగా చూస్తారు.

కందకం అనుకున్నంత లోతు రాకపోతే చాలామంది మొదట చేసే పని ప్రెషర్ పెంచడం. ఎక్కువసార్లు అది తప్పు మందు. మీ చేతిలో నాలుగు పట్లు ఉన్నాయి: నీటి పరిమాణం, ప్రెషర్, నాజిల్‌కూ మట్టికీ మధ్య దూరం, యంత్రం వేగం. ఏ మట్టికి ఏ పట్టు బిగించాలో, ఏది వదలాలో తెలిస్తే సగం పని అయినట్టే.

1. ముందు మట్టి సంగతి తేల్చుకోండి

మార్గం పొడవునా కోన్ పెనెట్రేషన్ టెస్టు (మొనదేలిన కడ్డీని నేలలోకి నొక్కి గట్టితనం కొలిచే పరీక్ష) ఫలితాలు, వైబ్రోకోర్ (కంపించే గొట్టంతో తీసిన) నమూనాలు, అడుగు పొరలు చూపే సబ్‌బాటమ్ ప్రొఫైలర్ రికార్డు, ఈ మూడూ ఎదురుగా పెట్టుకోండి. ఏ ఒక్కటీ సరిపోదు. కోన్ టెస్టు ఒక్క బిందువు గురించి చెబుతుంది. ప్రొఫైలర్ ఒక బిందువు నుంచి ఇంకో బిందువుకు పొర ఎలా నడిచిందో చూపిస్తుంది గానీ అది ఇసుకో బంకమన్నో చెప్పదు. నమూనా చేతిలో ఉంటేనే గింజ పరిమాణం తెలుస్తుంది. కందకం 1.5 మీటర్లు కావాలంటే మట్టి వివరాలు కనీసం 3 మీటర్ల దాకా ఉండేలా చూసుకోండి. లెగ్ కొస కింద ఉన్న పొర కూడా పనిమీద ప్రభావం చూపుతుంది.

సన్న ఇసుక, మధ్యరకం ఇసుక, ఒండ్రు, మెత్తని బంకమన్ను జెట్‌కు లొంగుతాయి. బంకమన్నులో అండ్రెయిన్డ్ షియర్ స్ట్రెంగ్త్ (లోపలి నీరు బయటికి పోయే వ్యవధి లేకుండా కోసినప్పుడు మట్టి చూపే బలం) 50 కిలోపాస్కల్ లోపుంటే పని సాఫీగా సాగుతుంది. 75 నుంచి 100 మధ్యకు వచ్చేసరికి వేగం బాగా పడిపోతుంది. ఆపైన చెయిన్ కట్టరో (పళ్ల గొలుసుతో కోసే యంత్రం) నాగలో చూసుకోవడమే మంచిది.

ఇసుకలో రెండు రకాలు మోసం చేస్తాయి. మొదటిది గట్టిగా కూరుకున్న సన్న ఇసుక. కదిలేటప్పుడు దాని గింజలు ఒకదానిమీద ఒకటి ఎక్కి మధ్య ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీలోకి నీరు వేగంగా చేరలేదు కాబట్టి లోపలి పీడనం పడిపోయి ఇసుక కాసేపు సిమెంటులా బిగుసుకుంటుంది. ఇక్కడ నెమ్మదిగా నడవడం తప్ప మార్గం లేదు. రెండోది గులకరాళ్లు కలిసిన ఇసుక. జెట్ ఇసుకను కొట్టుకుపోయేలా చేస్తుంది, రాళ్లు మాత్రం కింద పడిపోయి కందకం అడుగున గట్టి పరుపు వేస్తాయి. రెండోసారి వెళ్తే ఆ పరుపు ఇంకా మందమవుతుంది.

పూడ్చే లోతును మార్గమంతా ఒకే అంకెగా పెట్టకండి. ఏ లంగరు ఎంత లోతు దిగుతుంది, ఏ వల ఎంత గీరుతుంది అన్నది నేలను బట్టి మారుతుంది. బ్రిటన్‌కు చెందిన కార్బన్ ట్రస్ట్ సంస్థ 2015లో వెలువరించిన కేబుల్ పూడ్చివేత రిస్కు అంచనా పద్ధతి ఈ తర్కం మీదే నడుస్తుంది. గట్టి నేలలో తక్కువ లోతు చాలిన చోట అదనంగా అర మీటరు కోసం మూడు రోజులు పోరాడడం దండగ.

2. పనిముట్టు ఎంచుకోండి

పొడవైన మార్గానికి, లోతు నీటికి జెట్ లెగ్‌లున్న, ఓడ మీంచి నడిపే రిమోట్ ట్రెంచర్ (కందకం తవ్వే యంత్రం) కావాలి. తక్కువ లోతు నీటిలో, ఓడ మీది పంపులతో నడపాలంటే లాగుకుపోయే జెట్ స్లెడ్ చాలు. నేలను తాకకుండా పైన వేలాడుతూ తక్కువ ప్రెషర్‌తో భారీగా నీరు తోసే మాస్ ఫ్లో ఎక్స్‌కవేటర్ వెడల్పాటి గుంట చేస్తుంది. పూడిపోయిన పైపును బయటికి తీయడానికి, ఇసుక దిబ్బలు చదును చేయడానికి అది బాగుంటుంది గానీ ఇరుకైన కందకానికి పనికిరాదు. జాయింటు దగ్గరో, పైపు కింద కొద్దిచోటో తవ్వాలంటే డైవర్ చేతి లాన్స్ (చేత్తో పట్టుకునే జెట్ గొట్టం).

మెత్తని బంకమన్నులో యంత్రం బరువు ముందే లెక్కేయండి. నీటిలో 6 టన్నులు తూగే ట్రెంచర్‌కు 4 మీటర్ల పొడవు, 0.6 మీటర్ల వెడల్పు ఉన్న రెండు ట్రాకులుంటే నేలపై పడే ఒత్తిడి దాదాపు 12 కిలోపాస్కల్. 3 కిలోపాస్కల్ స్ట్రెంగ్త్ ఉన్న మట్టి మోయగలిగేది అటూ ఇటుగా 15 నుంచి 18. కాగితం మీద నిలుస్తుంది, మలుపు తిప్పినప్పుడో జెట్ నీరు ట్రాకు కిందికి చేరినప్పుడో కూరుకుపోతుంది. ఇలాంటి చోట తేలే బ్లాకులు కట్టి బరువు సగానికి తగ్గించండి. మరీ తేలిక చేస్తే లెగ్‌లు నేలలోకి దిగకుండా యంత్రమే పైకి లేస్తుంది, కాబట్టి మోతాదు చూసుకోవాలి.

3. నాజిళ్ల లెక్క

అసలు విషయం ఇక్కడుంది, కాస్త తీరిగ్గా చూడండి.

7 బార్ ప్రెషర్ తేడాతో నాజిల్ నుంచి వెలువడే సముద్రపు నీటి వేగం సెకనుకు దాదాపు 37 మీటర్లు. 10 మిల్లీమీటర్ల రంధ్రమున్న మంచి నాజిల్ ఒకటి ఆ ప్రెషర్‌లో గంటకు 10 ఘనమీటర్ల నీరు వదులుతుంది, దాదాపు 1.9 కిలోవాట్ల శక్తి తింటుంది. 40 నాజిళ్లుంటే గంటకు 400 ఘనమీటర్లు, నీటిలోకి వెళ్లే శక్తి 77 కిలోవాట్లు. పంపు సామర్థ్యం 70 శాతం అనుకుంటే షాఫ్టు దగ్గర 110 కిలోవాట్లు కావాలి.

ఇప్పుడు అదే శక్తితో 6 మిల్లీమీటర్ల నాజిల్‌ను 14 బార్ మీద నడపండి. వేగం సెకనుకు 52 మీటర్లకు పెరుగుతుంది, నీరు గంటకు 5 ఘనమీటర్లకు తగ్గుతుంది, శక్తి మాత్రం అదే 1.9 కిలోవాట్ల చుట్టూ ఉంటుంది. ఏది బాగా కోస్తుంది? చాలామంది 14 బార్ అంటారు. నీటిలో నీటి జెట్ ఎలా చెదిరిపోతుందో చూస్తే జవాబు మారుతుంది. నాజిల్ వ్యాసానికి ఆరు రెట్ల దూరం దాకా జెట్ మధ్యభాగం బలం తగ్గకుండా ఉంటుంది. ఆ తర్వాత దూరం రెట్టింపైతే వేగం సగమవుతుంది, కొట్టే ఒత్తిడి నాలుగో వంతవుతుంది. 6 మిల్లీమీటర్ల జెట్ 36 మిల్లీమీటర్ల దగ్గరే చెదరడం మొదలెడుతుంది, 10 మిల్లీమీటర్లది 60 దాకా నిలుస్తుంది.

కాబట్టి మట్టి 40 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే చిన్న నాజిల్ దాదాపు 11 బార్‌తో కొడుతుంది, పెద్దది 7తో. 100 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే చిన్నది 1.8కి పడిపోతుంది, పెద్దది 2.5 నిలుపుకుంటుంది. ఈ రెండూ సమానమయ్యే చోటు 50 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటుగా వస్తుంది. అంటే నాజిల్‌ను మట్టికి ఆనించినట్టు పెట్టగలిగితేనే ఎక్కువ ప్రెషర్‌కు అర్థం ఉంది. లెగ్ ఊగుతూ, మట్టి ముఖం జరుగుతూ ఉండే నిజమైన పనిలో పెద్ద రంధ్రం ఎక్కువసార్లు గెలుస్తుంది.

బంకమన్నును కోయాలంటే మట్టి ముఖం మీద పడే ఒత్తిడి దాని షియర్ స్ట్రెంగ్త్‌కు కనీసం ఆరు నుంచి తొమ్మిది రెట్లుండాలని లెక్కేసుకోండి. 50 కిలోపాస్కల్ మట్టికి 3 నుంచి 4.5 బార్. ఇది నాజిల్ దగ్గరి అంకె కాదు, మట్టి దగ్గరి అంకె. పైన చెప్పిన దూరం లెక్క వేసి వెనక్కి వెళ్తే నాజిల్ దగ్గర ఎంత కావాలో వస్తుంది.

ఇసుకలో ఈ తలనొప్పి లేదు. అక్కడ కోయడం కాదు, కదిలించి తేల్చి ఉంచడమే పని, అందుకు నీటి పరిమాణం కావాలి. 3 నుంచి 5 బార్ చాలు, రంధ్రాలు పెద్దవి చేసి నీరు పెంచండి.

అమర్చేటప్పుడు గుర్తుంచుకోవలసినవి: ఎదురెదురు లెగ్‌ల నాజిళ్లు ఒకే ఎత్తులో ఉంటే రెండు జెట్లు ఢీకొని శక్తి వృథా అవుతుంది, కాబట్టి ఒక వైపుకు ఇంకో వైపు ఎత్తు తప్పించండి. లోపలికి తిరిగిన ఏ నాజిలూ నేరుగా కేబుల్ మీదికి చూడకూడదు. పైతొడుగు నూలు విప్పుకుపోతుంది. కొస దగ్గర కిందికి కొట్టే నాజిళ్లు రెండైనా ఉంచండి, లేకపోతే లెగ్ తన కింది మట్టి మీదే కూర్చుండిపోతుంది. కొన్ని వెనక్కి తిప్పి పెట్టండి. అవి జావను వెనక్కి తోసి కందకాన్ని తెరిచి ఉంచుతాయి, పైగా ముందుకు కొట్టే జెట్ల ఎదురుతోపును సరిచేస్తాయి. 10 మిల్లీమీటర్ల నాజిల్ ఒక్కొక్కటి 7 బార్ దగ్గర దాదాపు 100 న్యూటన్లతో వెనక్కి నెడుతుంది. 40 నాజిళ్లూ ముందుకే చూస్తే 4 కిలోన్యూటన్లు, అంటే 400 కిలోల బరువు వెనక్కి లాగినట్టు.

4. పంపు, హోస్

నీరు లోతైన కొద్దీ పంపు ప్రెషర్ పెంచాలన్న మాట తరచూ వినిపిస్తుంది. అది నిజం కాదు. ఓడ మీది పంపు నుంచి హోస్ దిగినా, హోస్ లోపలి నీటి బరువూ బయటి సముద్రపు నీటి బరువూ సమానమే. 20 మీటర్ల దగ్గరైనా 200 మీటర్ల దగ్గరైనా నాజిల్‌కు కావలసిన తేడా అదే. లోతుతో పెరిగేది హోస్ పొడవు, దానితోపాటు ఘర్షణ.

ఘర్షణను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 100 మిల్లీమీటర్ల లోవ్యాసమున్న హోస్‌లో గంటకు 150 ఘనమీటర్లు పంపితే ప్రతి 100 మీటర్లకు దాదాపు 3 బార్ పోతుంది. అదే నీరు 150 మిల్లీమీటర్ల హోస్‌లో 0.4 బార్ కూడా పోదు. నష్టం వ్యాసపు అయిదో ఘాతంతో తగ్గుతుంది కాబట్టి పెద్ద పంపు కొనేకన్నా లావు హోస్ వేయడం తెలివైన పని. చిన్న వ్యాసపు కప్లింగులు మధ్యలో దూరిస్తే ఈ లాభమంతా పోతుంది. ప్రతి జాయింటు లోవ్యాసం కొలిచి చూడండి.

పీల్చే వైపు జల్లెడ రంధ్రం నాజిల్ వ్యాసంలో మూడో వంతు మించకూడదు. 10 మిల్లీమీటర్ల నాజిళ్లకు 3 మిల్లీమీటర్ల జల్లెడ. జల్లెడ తెరిచి ఉన్న వైశాల్యం పీల్చే పైపు వైశాల్యానికి నాలుగు రెట్లయినా ఉండాలి, సగం మూసుకున్నా పంపు ఆకలితో ఉండదు. పీల్చే నోరు యంత్రం పైభాగాన, ముందువైపు పెట్టండి. వెనక పెడితే తాను లేపిన ఇసుకను తానే మింగి పంపు ఇంపెల్లర్‌ను అరగదీస్తుంది.

ఓడ మీది పంపైతే పీల్చే ఎత్తు వీలైనంత తక్కువ ఉంచండి. డెక్ ఎత్తుగా ఉంటే నీటిలోకి దించే సబ్‌మెర్సిబుల్ పంపుతో నీరెత్తి ప్రధాన పంపుకు ఇవ్వండి. హోస్ జాయింట్లన్నిటికీ గొలుసో వైరు తాడో విప్ చెక్‌గా కట్టండి. ఒత్తిడిలో ఊడిన హోస్ డెక్ మీద కాళ్లు విరగ్గొడుతుంది.

5. డెక్ మీద పరీక్ష

దించే ముందు ప్రతి నాజిల్‌లో కొలత పిన్ను పెట్టి చూడండి. అరుగుదల కంటికి కనపడదు. 10 మిల్లీమీటర్ల రంధ్రం 11 అయితే వైశాల్యం 21 శాతం పెరుగుతుంది. పంపు నీరు అంతే ఉంటే 7 బార్ 4.8కి పడిపోతుంది. 12 అయితే 3.4. పంపు స్వభావాన్ని బట్టి అసలు అంకె కాస్త మెరుగ్గా ఉండొచ్చు, దిశ మాత్రం ఇదే. టంగ్‌స్టన్ కార్బైడ్ నాజిళ్లు ఖరీదైనా మార్చే పని తగ్గిస్తాయి.

తర్వాత లెగ్‌లను తాగునీటి లైనుతోనైనా ఒకసారి కడిగి, ప్రతి నాజిల్ నుంచి ధార నేరుగా వస్తోందో లేదో చూడండి. వంకరగా వచ్చే ధార వెనక ఒక రాయి ముక్కో రబ్బరు తునకో ఉంటుంది. కొత్త హోస్ బిగించినరోజు ఇది మరీ ముఖ్యం.

ఫ్లో మీటరు, ప్రెషర్ సెన్సరు, లెగ్ కోణం చూపే సెన్సరు, కేబుల్ ఎక్కడుందో చూపే కేబుల్ ట్రాకర్, ఈ నాలుగూ పనిచేయకుండా దించకండి. ప్రెషర్ సెన్సరు పంపు దగ్గర కాక లెగ్ మానిఫోల్డ్ (నీటిని నాజిళ్లకు పంచే గొట్టం) దగ్గర ఉండాలి. పంపు దగ్గరి అంకెలో హోస్ నష్టం దాక్కుంటుంది.

6. దించడం, మొదలుపెట్టడం

మార్గం ముందే సర్వే చేసి ఉండాలి. పాత తాళ్లు, వలల ముక్కలు లాగి తీసే గ్రాప్నెల్ పని పూర్తయి ఉండాలి. పేలని బాంబుల అనుమానమున్న నీళ్లయితే మాగ్నెటోమీటర్ సర్వే అయి, ప్రతి గుర్తునూ తేల్చి ఉండాలి. వేరే కేబులో పైపో దాటే చోట్లకు ఇరువైపులా ఎంత దూరంలో లెగ్‌లు ఎత్తేయాలో రాతపూర్వకంగా తేల్చుకోండి.

యంత్రాన్ని కేబుల్ మీదుగా నేలకు దించాక, కేబుల్ రెండు లెగ్‌ల మధ్యే ఉందని ట్రాకర్‌తోనూ కెమెరాతోనూ నిర్ధారించుకోండి. ఇది చివరి అవకాశం. జెట్ మొదలైతే కెమెరాలో పాలు తప్ప మరేమీ కనపడదు.

వరస ఇలా: లెగ్‌లు నేల పైనే ఉండగా పంపు తక్కువ వేగంతో మొదలుపెట్టండి. ఒక నిమిషం నీరు పారనివ్వండి. నెమ్మదిగా పూర్తి వేగానికి తెండి. ఒక్కసారి తెరిస్తే హోస్‌లో నీటి దెబ్బ పడి కప్లింగులు లూజవుతాయి. ఆ తర్వాతే లెగ్‌లను దించడం మొదలుపెట్టండి, అదీ యంత్రం ముందుకు కదులుతూ ఉండగా. నిలబడి నిలువుగా దించితే అక్కడ గొయ్యి పడి కేబుల్ ఒక్కసారి వంగుతుంది. పూర్తి లోతుకు చేరడానికి 10 నుంచి 20 మీటర్ల దూరం ఇవ్వండి. కేబుల్ లావుగా బిరుసుగా ఉంటే ఇంకా ఎక్కువ. ముగించేటప్పుడూ ఇదే, తిరగేసి.

లెగ్‌లు నేలలో ఉండగా పంపు ఎన్నడూ ఆపకండి. ఆగిన క్షణం బయటి ఇసుక నాజిళ్లలోంచి వెనక్కి దూరి మానిఫోల్డ్ అడుగున కూర్చుంటుంది. మళ్లీ పంపు మొదలెడితే అదంతా కొస నాజిళ్లకు వచ్చి బిగుసుకుంటుంది. పంపు దానంతటదే ట్రిప్ అయితే యంత్రాన్ని ఆపి లెగ్‌లు పూర్తిగా పైకెత్తి, అయిదు నిమిషాలు నీరు పారించి, ఫ్లో మునుపటి అంకెకు వచ్చిందని చూసి, కొద్దిగా వెనక్కి వెళ్లి మళ్లీ దించండి.

7. వేగం ఎంత

ఇసుకలో జావ ఎంత చిక్కగా ఉందన్నదే కేబుల్ దిగుతుందా లేదా అన్నది తేలుస్తుంది. కందకం 1.5 మీటర్ల లోతు, అర మీటరు వెడల్పు, పంపు గంటకు 400 ఘనమీటర్లు అనుకుందాం. గంటకు 200 మీటర్లు నడిస్తే జావ సాంద్రత (మంచినీటితో పోలిస్తే) దాదాపు 1.29. 300 మీటర్లైతే 1.38. 400 మీటర్లైతే 1.44. బరువైన కవచమున్న విద్యుత్ కేబుల్‌కు ఇదేమంత ఇబ్బంది కాదు. గాలి నిండిన ఖాళీ పైపు, తేలిక ఫ్లెక్సిబుల్ పైపు అయితే దాని సాంద్రత 1.3 దగ్గరే ఉండొచ్చు. అప్పుడు 300 మీటర్ల వేగంలో అది మునగదు, జావ మీద తేలుతూ మీ వెనకే నిలుస్తుంది. నిదానిస్తే మునుగుతుంది, లేదా పైపులో నీరు నింపి పూడ్చాలి.

రెండో లెక్క సమయానిది. 0.2 మిల్లీమీటర్ల ఇసుక గింజలు ఇలాంటి చిక్కని జావలో సెకనుకు 10 నుంచి 12 మిల్లీమీటర్ల చొప్పున దిగుతాయి. 1.5 మీటర్లు కూర్చోవడానికి రెండు నిమిషాల పైచిలుకు. గంటకు 200 మీటర్లంటే నిమిషానికి 3.3 మీటర్లు. అంటే యంత్రం వెనక 7, 8 మీటర్ల మేర మాత్రమే జావ జావగా ఉంటుంది. అడుగు అంతకుముందే నిండడం మొదలెడుతుంది కాబట్టి చేతికందేది ఇంకా తక్కువ. కేబుల్ ఆ లోపలే అడుగును తాకాలి.

తాకుతుందా? జావలో మీటరుకు 350 న్యూటన్లు తూగే కేబుల్‌లో 5 కిలోన్యూటన్ల టెన్షన్ మిగిలి ఉంటే 1.5 మీటర్లు దిగడానికి దాదాపు 6.5 మీటర్ల పొడవు పడుతుంది, బిరుసుతనం లెక్కలోకి తీసుకోకుండానే. టెన్షన్ 20 కిలోన్యూటన్లుంటే 13 మీటర్లు. అంటే పరిచేటప్పుడు బిగించి లాగిన కేబుల్‌ను ఎంత మంచి ట్రెంచరూ దించలేదు. ఇది ట్రెంచింగ్ బృందం మీద పడే నింద, అసలు తప్పు పరిచిన ఓడది. పని ఒప్పుకునే ముందే పరిచినప్పటి టెన్షన్ రికార్డు అడిగి తీసుకోండి.

ముతక ఇసుకలో ఇది ఇంకా కష్టం. 0.5 మిల్లీమీటర్ల గింజ మూడు నాలుగు రెట్లు వేగంగా కూర్చుంటుంది, వెనక రెండు మూడు మీటర్లే జావ నిలుస్తుంది. లెగ్‌లు వెన్నలా దిగిపోతాయి, కేబుల్ మాత్రం పైనే ఉంటుంది. ఇక్కడ వెనక్కి కొట్టే నాజిళ్లు పెంచాలి, జావను పీల్చి పక్కకు పోసే ఎడక్టర్ ఉంటే వాడాలి, లేదా కేబుల్‌ను కిందికి నొక్కే డిప్రెసర్ అమర్చాలి. డిప్రెసర్ పెడితే దాని మీద పడే బలాన్ని నిరంతరం చూస్తూ ఉండాలి, పరిమితి దాటితే యంత్రం ఆగిపోవాలి.

బంకమన్నులో కూర్చునే సమస్య లేదు, గడ్డల సమస్య ఉంది. జెట్ చీలికలుగా కోస్తే మధ్యలో మిగిలిన మట్టి ముద్దలుగా విరిగి కందకంలోనే పడుతుంది, కేబుల్ ఆ ముద్దల మీద కూర్చుంటుంది. నాజిళ్ల మధ్య దూరం తగ్గించండి, ఎడక్టర్ వాడండి, వేగం తగ్గించండి.

8. మీటర్లు ఏం చెబుతున్నాయి

ప్రెషర్ పెరిగి ఫ్లో తగ్గితే నాజిళ్లు మూసుకుంటున్నాయి. ప్రెషర్ తగ్గి ఫ్లో పెరిగితే హోస్ పగిలింది, నాజిల్ ఊడింది, లేదా అరిగింది; ఒక్కసారి మారితే మొదటి రెండూ, గంటల తరబడి మెల్లగా మారితే చివరిది. రెండూ తగ్గితే జల్లెడ మూసుకుంది, లేదా పంపు వేగం పడిపోయింది. అంకెలు తడబడుతూ పంపు నుంచి గులకరాళ్లు దొర్లుతున్నట్టు చప్పుడొస్తే కావిటేషన్ (పీడనం పడిపోయి పంపులో ఆవిరి బుడగలు పుట్టి పగలడం), వెంటనే వేగం తగ్గించి జల్లెడ చూడండి.

నీటి అంకెలన్నీ సరిగ్గా ఉండి లాగుడు మాత్రం పెరుగుతూ, లెగ్ కోణం పైకి లేస్తుంటే మట్టి మారింది, లేదా రాయి తగిలింది. ట్రాకుల బలంతో దూసుకుపోవాలని చూడకండి. ఆగండి, నీరు అలాగే పారనివ్వండి, అర మీటరు వెనక్కి రండి, లెగ్ కాస్త ఎత్తి నెమ్మదిగా మళ్లీ వెళ్లండి. మూడుసార్లు ప్రయత్నించినా అక్కడే ఆగితే అది బండ. ఆ చోటు రాసుకుని దాటిపోండి.

9. రెండో పాస్

లోతు రాలేదని రెండోసారి వెళ్లడం మామూలే. కానీ మొదటి పాసే ఎప్పుడూ మంచి పాస్. రెండోసారికి కందకం నిండా వదులు ఇసుకే కాబట్టి లెగ్‌లు సులువుగా దిగుతాయి, అది చూసి వేగం పెంచుతారు, ఫలితం అంతంతమాత్రం. రెండో పాస్‌లో వేగం సగం చేయండి, లెగ్ లోతు మొదటిసారి కన్నా 0.3 నుంచి 0.5 మీటర్లు పెంచండి. గులకరాళ్ల నేలలో, కేబుల్ టెన్షన్ ఎక్కువున్న చోట మూడో పాస్ వల్ల దాదాపు ఏమీ రాదు. అక్కడ రాళ్లు పోసి కప్పడం గురించి ఆలోచించండి.

10. డైవర్ చేతి జెట్ వాడితే

చేతి లాన్స్‌కు వెనక్కి కొట్టే సమతుల్య నాజిల్ తప్పనిసరి. అది లేని లాన్స్ నీటిలో డైవర్‌ను వెనక్కి విసిరేస్తుంది. చెయ్యి వదిలితే నీరు ఆగే ట్రిగ్గర్ ఉండాలి, దాన్ని తాడుతో కట్టి ఉంచడం ఎంత సౌకర్యంగా అనిపించినా నిషిద్ధం. పంపు మొదలుపెట్టేదీ ఆపేదీ డైవర్ మాటతోనే, మాట సంబంధం తెగితే పంపు వెంటనే ఆగాలి. హై ప్రెషర్ జెట్‌తో డైవర్లు పనిచేసే తీరు మీద సముద్ర పనుల కాంట్రాక్టర్ల అంతర్జాతీయ సంఘమైన ఇమ్కా వెలువరించిన డీ 049 అనే నియమావళి ఉంది, దాన్ని పని ప్రణాళికలో చేర్చుకోండి.

నీటిలో భయపడవలసింది జెట్ ఒక్కదానికే కాదు, గోడకు కూడా. ఇసుకలో గుంట పక్కలు ఒకటికి మూడు, ఒకటికి నాలుగు వాలుకు వచ్చేదాకా జారుతూనే ఉంటాయి. బంకమన్ను గోడ నిలువుగా నిలిచి, హెచ్చరిక లేకుండా పలకలా ఊడిపడుతుంది. అందుకే పైనుంచి కిందికి, పక్కలు వాలుగా కోస్తూ తవ్వండి. గోడ కింద తొలిచి లోపలికి దూరకండి. డైవర్ ఎప్పుడూ గుంట అంచున, తన అంబిలికల్ (గాలీ మాటా అందించే గొట్టాల కట్ట) వెనకవైపు ఉండేలా నిలవాలి. ఎడక్టరో ఎయిర్‌లిఫ్టో (గాలి బుడగలతో జావను పైకి పీల్చే పైపు) పక్కన నడుస్తుంటే దాని నోటికి ఊచల పంజరం ఉండాలి. చెయ్యి పట్టుకున్నా, గ్లవ్ పట్టుకున్నా ఆ పీల్చుడు నుంచి ఒంటి బలంతో విడిపించుకోలేరు. ఎయిర్‌లిఫ్ట్ మూసుకుంటే పైపులో గాలి నిండి పైకి లేస్తుంది, కాబట్టి బరువు కట్టి, గాలి ఆపే వాల్వు డైవర్ చేతికి అందేలా పెట్టండి. 5 మీటర్ల లోపు నీటిలో ఎయిర్‌లిఫ్ట్ పెద్దగా పీల్చదు, ఎడక్టర్ వాడండి.

11. కొలవడం

కందకం లోతు, కేబుల్ పైభాగం దిగిన లోతు, కేబుల్ మీద ఉన్న మట్టి మందం, ఇవి మూడు వేర్వేరు అంకెలు. ఒప్పందంలో ఏది రాశారో పని మొదలవక ముందే తేల్చుకోండి. లెగ్ 1.5 మీటర్లు దిగిందని కేబుల్ 1.5 దిగినట్టు కాదు. 1.1 రావచ్చు, దాని మీద 0.6 మట్టే ఉండవచ్చు.

లోతు కొలిచే ఆధారం కదలని అసలు నేల మట్టం. కందకం అంచున పోగుపడిన మట్టి గట్టు మీద నుంచి కొలిస్తే 20, 30 సెంటీమీటర్లు ఉచితంగా కలుస్తాయి, అలలకు ఆ గట్టు పోయాక ఆ లోతూ పోతుంది. పనికి ముందు తీసిన మల్టీబీమ్ సర్వేతో (ధ్వని తరంగాలతో అడుగు ఎత్తుపల్లాలు కొలిచే సర్వే) పోల్చండి. కేబుల్ స్థానానికి టీఎస్ఎస్ 440 వంటి పల్స్ ఇండక్షన్ ట్రాకరో (అయస్కాంత పల్సులతో లోహాన్ని పసిగట్టేది), కేబుల్‌లోకి టోన్ (గుర్తుపట్టడానికి పంపే విద్యుత్ సంకేతం) పంపగలిగితే టీఎస్ఎస్ 350 వంటిదో వాడండి. లోతు పెరిగిన కొద్దీ పల్స్ ఇండక్షన్ సూచన బలహీనపడుతుంది. పని మొదట్లోనే, లోతు తెలిసిన ఒక చోట దాని అంకెను సరిచూసి ఆ తేడా రాసుకోండి.

యంత్రం డెక్ మీదికి రాగానే లెగ్‌లను మంచినీటితో కడిగి, కొస మూతలు విప్పి లోపలి ఇసుక తీసేయండి. నాజిళ్లను మళ్లీ పిన్నుతో కొలిచి, దించేముందు రాసుకున్న అంకెల పక్కనే ఇవీ రాయండి. అరుగుదల లెగ్ కొస వైపు ఎక్కువగా కనిపిస్తే జల్లెడ దాటి ఇసుక వస్తున్నట్టు. రేపటి దించుడుకు ముందు చూడవలసింది పీల్చే నోరు పెట్టిన చోటు.